వైరస్‌ను వదిలి చెప్పినవాణ్ని చూశారు: దక్షిణాఫ్రికా ఎయిడ్స్ నిరాకరణపై ఒక కేస్ స్టడీ

దక్షిణాఫ్రికా, బోట్స్వానా ఇరుగుపొరుగు దేశాలు. 1990లలో రెండు చోట్లా హెచ్‌ఐవీ విపరీతంగా పెరిగింది. 2005 నాటికి మందులు పడాల్సిన పేషెంట్లలో 85 శాతం మందికి బోట్స్వానా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) అందించింది. దక్షిణాఫ్రికా అందించింది 23 శాతం మందికి. డబ్బుకు గానీ డాక్టర్లకు గానీ అక్కడ కొదవ లేదు. ప్రపంచంలో మొట్టమొదటి గుండె మార్పిడి ఆపరేషన్ 1967లో జరిగింది కేప్‌టౌన్‌లోనే. అయినా హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న మాటను అధ్యక్షుడు థాబో ఎంబెకి ప్రభుత్వం శంకించి, మందులు ఆపుతూ వచ్చింది. అలాంటి దేశంలో 2000 నుంచి 2005 వరకు మందులు ఆలస్యం చేయడం వల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని, 35,000 మంది పిల్లలకు తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకిందని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు. పక్కనున్న బోట్స్వానా, నమీబియా చేసినంత ఇక్కడా చేసి ఉంటే ఎంతమంది బతికేవారు అని చూసి వేసిన లెక్క ఇది.

నేను కోస్తా ఆంధ్రలో ఏఆర్‌టీ సెంటర్లో పనిచేసిన డాక్టర్ని. కొత్తగా చేరే మెడికల్ ఆఫీసర్లకు, కౌన్సెలర్లకు దక్షిణాఫ్రికా కథను కేసుగా చెబుతూ వచ్చాను. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "అంత చదువుకున్నవాళ్లు అలా ఎలా నమ్మారు సార్?" రాజకీయ నమ్మకాలు గట్టిగా ఉన్న మనిషి సైన్స్‌ను ఎక్కడ కాదంటాడో, ఏ దారిలో అక్కడికి చేరతాడో ఈ కేసులో కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు. అందుకే మామూలు కేస్ షీట్ రాసినట్టే రాస్తున్నాను.

పాత హిస్టరీ

పేషెంట్ మందు వద్దంటే ముందు హిస్టరీ తీసుకుంటాం. ఎప్పుడైనా మందు వికటించిందా, ఏ ఆసుపత్రిలోనైనా ఎవరైనా కించపరిచారా అని అడుగుతాం. దక్షిణాఫ్రికా హిస్టరీ తీస్తే అనుమానానికి కారణాలు కావలసినన్ని దొరుకుతాయి.

1901లో కేప్‌టౌన్‌లో ప్లేగు వచ్చింది. ప్రజారోగ్య చట్టం చూపించి నల్లవాళ్లను ఊళ్లోంచి లేపి ఎన్‌డబేని అనే చోటికి తరలించారు. జాతుల్ని విడదీసి కాపురాలు పెట్టించడానికి అక్కడ దొరికిన తొలి సాకుల్లో ఆరోగ్యం ఒకటి. తర్వాత గనుల కాలం వచ్చింది. భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలేసి మగవాళ్లు ఏళ్ల తరబడి హాస్టళ్లలో బతికేలా వలస కూలి వ్యవస్థను నడిపించారు. సుఖరోగాలు వస్తే మాత్రం వాళ్ల స్వభావమే అంత అన్నారు.

1998లో, అపార్థైడ్ (తెల్లవాళ్ల జాతి వివక్ష పాలన) కాలపు నేరాలను విచారించిన సత్య శోధన, సయోధ్య కమిషన్ ముందు ప్రాజెక్ట్ కోస్ట్ గురించి సాక్ష్యాలు బయటపడ్డాయి. అపార్థైడ్ సైన్యం డాక్టర్ వూటర్ బాసన్ చేతుల మీదుగా నడిపిన రహస్య రసాయన, జీవాయుధ కార్యక్రమం అది. నల్లజాతివాళ్లకు పిల్లలు పుట్టకుండా చేసే టీకా కోసం ప్రయత్నం జరిగిందని అందులో పనిచేసిన సైంటిస్టే చెప్పాడు. అమెరికాలో టస్కిగీ ఉదంతం కూడా అక్కడివాళ్లకు తెలుసు. 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఇవేవీ పుకార్లు కావు, రుజువైన సంగతులు.

వీటి పక్కన పుకార్లూ నడిచాయి. 1983 జులైలో ఢిల్లీ నుంచి వచ్చే పేట్రియట్ పత్రికలో, ఎయిడ్స్ వైరస్‌ను అమెరికా సైన్యం తన ఫోర్ట్ డెట్రిక్ ల్యాబ్‌లో తయారు చేసిందని పేరు లేని ఉత్తరం ఒకటి అచ్చయింది. అది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ మొదలుపెట్టిన ప్రచారం. 1985లో మాస్కో పత్రిక అందుకుంది, అక్కడి నుంచి ఎన్నో దేశాలకు పాకింది. సోవియట్ యూనియన్ పోయాక 1992లో రష్యా గూఢచారి సంస్థ అధిపతి ప్రిమకోవ్ ఒప్పుకున్నారు. మా మెడికల్ కాలేజీ హాస్టల్లో కూడా ఆ ఫోర్ట్ డెట్రిక్ మాట రూఢిగా చెప్పుకునే సీనియర్లు ఉండేవారు. చెప్పినవాళ్లంతా చదువులో చురుకైనవాళ్లే.

జబ్బు మొదలైన తీరు

1997 జనవరిలో ప్రిటోరియాకు చెందిన పరిశోధకులు కొందరు విరోడీన్ అనే మందుతో ఏకంగా కేబినెట్ సమావేశానికి వచ్చారు. ఎయిడ్స్‌కు ఆఫ్రికా కనిపెట్టిన మందు అన్నారు. పేషెంట్లతో మాట్లాడించారు. మంత్రులు చప్పట్లు కొట్టారు. ఆ మందులో ఉన్నది డైమిథైల్ ఫార్మమైడ్. జీడిమెట్ల, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసినవాళ్లకు డీఎంఎఫ్ అంటే వేరే చెప్పక్కర్లేదు. డ్రమ్ముల్లో వచ్చే సాల్వెంట్ అది, లివర్‌ను దెబ్బతీస్తుంది. మందుల నియంత్రణ మండలి మనుషుల మీద ట్రయల్స్‌కు ఒప్పుకోలేదు. అప్పటి ఉపాధ్యక్షుడు థాబో ఎంబెకి మండలినే తప్పుపట్టారు, చావుకు దగ్గరైనవాళ్లకు దక్కాల్సిన మందును అడ్డుకుంటున్నారన్నారు. 1998లో మండలి అధిపతి పదవి ఊడింది.

ఇక ఏజెడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందు సంగతి చూడండి. గర్భిణులకు ఇస్తే బిడ్డకు వైరస్ సోకే అవకాశం మూడింట రెండు వంతులు తగ్గుతుందని 1994లోనే ట్రయల్‌లో తేలిన మందు. 1998లో ఖర్చు ఎక్కువని ప్రభుత్వం పక్కన పెట్టింది. అక్కడిదాకా అది బడ్జెట్ గొడవే. 1999 జూన్‌లో ఎంబెకి అధ్యక్షుడయ్యారు. అక్టోబరులో పార్లమెంటులో ఏజెడ్‌టీ విషపూరితమన్నారు.

ఈ రెండు మందుల్నీ పక్కపక్కన పెట్టి చూడమని ట్రైనింగ్‌లో అందరికీ చెబుతాను. ఒకటి ఏ పరీక్షా దాటని ఫ్యాక్టరీ సాల్వెంట్, దాన్ని అడ్డుకున్నవాళ్లు ద్రోహులయ్యారు. రెండోది ట్రయల్స్‌లో నెగ్గిన మందు, అది విషమైంది. సైడ్ ఎఫెక్ట్స్ అంటే భయం వల్ల ఇలా జరిగి ఉంటే ముందు వణకాల్సింది డీఎంఎఫ్‌ను చూసి. ఇక్కడ మందును తూచిన రాయి వేరు. ఒకటి మనది, ఇంకోటి వాళ్లది, అంతే.

ఆ రోజుల్లోనే ఎంబెకి ఇంటర్నెట్‌లో అమెరికన్ సైంటిస్ట్ పీటర్ డ్యూస్‌బర్గ్ వర్గం రాతల్ని చదివారు. డ్యూస్‌బర్గ్ తక్కువవాడేం కాదు. బర్క్‌లీలో మాలిక్యులర్ బయాలజిస్ట్, 1970లలో క్యాన్సర్ జన్యువుల మీద చేసిన పనితో పేరు తెచ్చుకున్నవాడు. 1987 నుంచి మాత్రం హెచ్‌ఐవీ ఏ హానీ చేయని వైరస్ అని, ఎయిడ్స్ మత్తుపదార్థాల వల్లా ఏజెడ్‌టీ వల్లా వస్తోందని వాదిస్తూ వచ్చాడు. రుజువులు ఒక్కొక్కటే ఎదురు తిరిగినా మాట మార్చుకోలేదు. 2000 మేలో ఎంబెకి ఒక సలహా మండలి వేసి, అందులో ఆ వర్గంవాళ్లను ఇంచుమించు సగం మందిని కూర్చోబెట్టారు. అంతకుముందు ఏప్రిల్‌లో క్లింటన్, కోఫీ అన్నన్ వంటి నాయకులకు ఉత్తరం రాశారు. అపార్థైడ్ కాలంలో మా మాట వినపడకుండా చేశారు, ఇప్పుడు ఈ సైంటిస్టుల మీద అదే జరుగుతోంది అన్నది దాని సారాంశం.

ఆ ఉత్తరం ఈ కేసుకు గుండెకాయ. తన జీవితమంతా వెలివేతకు గురైన ఉద్యమంలో గడిపిన మనిషి, వెలివేతకు గురైన సైంటిస్టును చూడగానే తనవాడిగా గుర్తుపట్టారు. రాజకీయాల్లో వెలివేతకు గురైనవాడు చాలాసార్లు న్యాయం పక్షాన ఉంటాడు. ఆ అనుభవమే ఆయన్ని పక్కదారి పట్టించింది. సైన్స్‌లో ఒక వాదం వెనక్కి పోయిందంటే చాలాసార్లు కారణం అది పరీక్షకు నిలబడలేకపోవడమే. అలాంటప్పుడు జైలుకు పంపి దాన్ని నోరు మూయించిన సర్కారు ఏదీ ఉండదు.

2000 జులైలో డర్బన్‌లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగింది. హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందని 5,000 మందికి పైగా సైంటిస్టులు, డాక్టర్లు సంతకాలు చేసి ప్రకటన ఇచ్చారు. ప్రారంభ సభలో ఎంబెకి, ప్రపంచంలో అందరికంటే ఎక్కువమందిని చంపేది కటిక పేదరికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక నుంచి చదివి వినిపించారు. అదే వేదిక మీద, పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉన్న ఎన్‌కోసి జాన్సన్ అనే 11 ఏళ్ల అబ్బాయి గర్భిణులకు ఏజెడ్‌టీ ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాడు. 2001 జూన్ 1న ఆ అబ్బాయి చనిపోయాడు.

పేదరికం మాట ఆషామాషీది కాదు. తిండి లేకపోతే టీబీ త్వరగా ముదురుతుంది, బస్సు చార్జీకి డబ్బు లేకపోతే మందులకు రారు, ఇది నేను రోజూ చూసిందే. అయితే పేదరికం జబ్బును పెంచుతుందన్న మాట నుంచి జబ్బుకు పేదరికమే కారణమన్న మాటకు దూకితే, మధ్యలో వైరస్ మాయమవుతుంది. నిరాకరణ వాదాలన్నిటిలోనూ ఇలాంటి నిజం ముక్క ఒకటి ఉంటుంది. అది లేకపోతే తెలివైనవాళ్లు దగ్గరికే రారు. 2000 సెప్టెంబరులో ఎంబెకి పార్లమెంటులో ఒక వైరస్ సిండ్రోమ్‌ను (జబ్బు లక్షణాల గుంపును) ఎలా కలిగిస్తుంది, కలిగించలేదు అన్నారు.

2001 అక్టోబరులో ఫోర్ట్ హేర్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో అసలు పుండు బయటపడింది. మేము కామం అదుపులో పెట్టుకోలేని, క్రిములు మోసే మనుషులమని వాళ్లు నమ్ముతున్నారు అన్న అర్థంలో మాట్లాడారు. హెచ్‌ఐవీ లెక్కల్ని ఒప్పుకోవడమంటే ఆ తిట్టును ఒప్పుకున్నట్టే అనిపించింది ఆయనకు. నేను ఈ ప్రసంగం చదివినప్పుడల్లా ఆ కోపం న్యాయమైందే అనిపిస్తుంది. ఆ తిట్టు నిజంగానే ఉంది, వందేళ్లుగా ఉంది. కానీ వైరస్‌కు ఆ తిట్టుతో పని లేదు. అది రోగనిరోధక శక్తిని కాపాడే సీడీ4 కణాల్లోకి వెళ్లి తన పని తాను చేసుకుపోతుంది.

అదే నెలలో అక్కడి వైద్య పరిశోధన మండలి, 2000లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య చనిపోయినవాళ్లలో దాదాపు 40 శాతం మందిది ఎయిడ్స్ మరణమేనని నివేదిక ఇచ్చింది. ఎంబెకి మాత్రం 1995 నాటి పాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకెలు పట్టుకుని ఆరోగ్య శాఖ ఖర్చును తిరగరాయమన్నారు. ప్రసూతి క్లినిక్కుల సర్వేల్లో 1990లో ఒక శాతం లోపే ఉన్న హెచ్‌ఐవీ 2000 నాటికి 24.5 శాతానికి చేరింది. అంటే 1995 అంకెలు చూడటమంటే జబ్బు ముదరకముందు తీసిన ఎక్స్‌రే చూసి రిపోర్టు రాయడమే.

కింది స్థాయిలో ఇది ఎలా ఉంటుందో చెప్పకపోతే కేసు పూర్తి కాదు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నెవిరపిన్ సంగతి తీసుకోండి. నొప్పులు మొదలవగానే తల్లికి 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, పుట్టిన 72 గంటల్లోపు బిడ్డకు సిరప్ ఒక్క డోసు. ఇంతకంటే తేలిక చికిత్స మా వృత్తిలో అరుదు. కంపెనీ అయిదేళ్ల పాటు ఉచితంగా ఇస్తామంది. అయినా ప్రభుత్వం దాన్ని 18 పైలట్ ఆసుపత్రులకే పరిమితం చేసింది. మిగతా ఆసుపత్రుల్లో డాక్టరు ఆ మందు రాస్తే తప్పు. ఎంపుమలాంగా ప్రాంతంలో, అత్యాచారానికి గురైన స్త్రీలకు హెచ్‌ఐవీని అడ్డుకునే ఏఆర్‌వీ మందులిచ్చే స్వచ్ఛంద సంస్థకు ఆసుపత్రిలో చోటిచ్చినందుకు ఒక సూపరింటెండెంట్ ఉద్యోగం పోగొట్టుకున్నారు.

అనుమానించదగ్గ కారణాలు

మొదట తోచేది అజ్ఞానం. అది వెంటనే కొట్టిపారేయొచ్చు. ఎంబెకి ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఎంఏ చేశారు. ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా-ఎంసిమాంగ్ లెనిన్‌గ్రాడ్‌లో వైద్యం చదివిన డాక్టరు. వెల్లుల్లి, నిమ్మ, బీట్‌రూట్ తినమని ప్రచారం చేసింది ఆవిడే. 2006 ఆగస్టులో టొరంటో సదస్సులో దక్షిణాఫ్రికా ప్రభుత్వ స్టాల్‌లో అవన్నీ బుట్టల్లో పేర్చి పెట్టారు. చదువు ఎక్కువున్నవాడికి తన పక్షం కోసం వాదనలు వెతుక్కునే శక్తి కూడా ఎక్కువే ఉంటుంది. నా పేషెంట్లలోనూ చూశాను. ఊళ్లో కూలి చేసుకునే ఆవిడ రెండు సిట్టింగుల్లో మందు మొదలుపెడుతుంది, లెక్చరర్ గారు ఆరు నెలలు వాదిస్తారు.

డబ్బు అనుమానానికి కొంత బలముంది. 2000 నాటికి మూడు మందుల చికిత్సకు ఏడాదికి మనిషికి 10,000 డాలర్లకు పైనే అయ్యేది. ఉచితంగా ఇస్తామన్న నెవిరపిన్‌ను కూడా ఆపారంటే డబ్బొక్కటే కారణం అనలేం. పైగా 2001 ఫిబ్రవరిలో మన సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చాక ఆ వాదన ఇంకా పల్చబడింది.

ఇక మిగిలింది సిద్ధాంతం. ఇది ఒక రంగు జెండాకే పట్టే జబ్బని ఎవరూ అనుకోవద్దు. సోవియట్ రష్యాలో 1948 ఆగస్టులో వ్యవసాయ అకాడమీ సమావేశంలో జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని వెళ్లగొట్టి, దాన్ని కాదన్న వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకోను గెలిపించారు. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ అప్పటికే, 1943లో, సరతోవ్ జైల్లో చనిపోయారు. నాజీ జర్మనీలో లెనార్డ్, స్టార్క్ అనే ఇద్దరు నోబెల్ గ్రహీతలే ఐన్‌స్టీన్ సాపేక్షతను యూదుల ఫిజిక్స్ అని కొట్టిపారేశారు. దక్షిణాఫ్రికాలో అది వలస పాలన వ్యతిరేక జాతీయవాదం రూపంలో వచ్చింది. మూడింటిలోనూ ఉద్యమం తన శత్రువును ముందే ఖాయం చేసుకుంది. ఆ తర్వాత ఏ సంగతి వచ్చినా అది నిజమా అని అడిగే బదులు, చెబుతున్నది ఎవరు, ఎవరికి లాభం అని అడిగింది. రాజకీయాల్లో ఆ ప్రశ్న అడగాల్సిందే. ల్యాబ్ రిపోర్టును దానితో చదివితే మాత్రం పేషెంట్ పోతాడు.

ఇలాంటి చోట ఖాళీ ఎక్కువ కాలం ఉండదు. పాశ్చాత్య మందుల వ్యతిరేకత తెరిచిన తలుపు గుండా వచ్చింది ఎవరంటే, విటమిన్లు అమ్ముకునే జర్మన్ డాక్టర్ మథియాస్ రాత్. 2005 ప్రాంతంలో కేప్‌టౌన్ శివార్లలోని ఖయలీచలో, ఏఆర్‌వీలు విషమని కరపత్రాలు పంచి, పేషెంట్లకు పెద్ద మోతాదుల్లో విటమిన్లు ఇచ్చారు. 2008 జూన్‌లో కేప్ హైకోర్టు ఆ ట్రయల్స్ చట్టవిరుద్ధమని చెప్పేదాకా ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. కంపెనీల దోపిడీని ఎదిరిస్తామన్నవాళ్లు ఇంకో వ్యాపారికి దారిచ్చారు.

చికిత్స

డర్బన్ ప్రకటన మీద సంతకాలు చేసినవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ప్రభుత్వాన్ని కదిలించింది అది కాదు. వేలమంది సంతకాలు చూసి ఎంబెకి వర్గం పెద్దవాళ్లంతా ఒక్కటై గొంతు నొక్కుతున్నారనే అనుకుంది. మార్పు తెచ్చింది అదే ఉద్యమంలోంచి వచ్చిన మనుషులు.

ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ 1998 డిసెంబర్ 10న పుట్టింది. దాని నాయకుడు జాకీ అఖ్మత్ అపార్థైడ్ కాలంలో జైలుకెళ్లినవాడు, అధికార పార్టీ ఏఎన్‌సీ సభ్యుడు, తనకూ హెచ్‌ఐవీ ఉంది. అందరికీ ప్రభుత్వాసుపత్రిలో మందులు దొరికేదాకా తానూ మందులు వేసుకోనని శపథం పట్టాడు. 2002లో మండేలాయే అతని ఇంటికి వెళ్లి బతిమాలినా వినలేదు. 2003లో గానీ మొదలుపెట్టలేదు. ఒక డాక్టరుగా ఆ శపథాన్ని నేను సమర్థించలేను. కానీ అతణ్ని మందుల కంపెనీల ఏజెంటు అనడానికి చాలామందికి నోరు పెగలని పరిస్థితి దానివల్లే వచ్చింది. అన్నవాళ్లున్నారు, నమ్మినవాళ్లు తగ్గిపోయారు.

ఈ సంస్థ కంపెనీలతోనూ పోరాడింది. చౌక మందులకు దారిచ్చే 1997 నాటి చట్టం మీద 39 మందుల కంపెనీలు కేసు వేస్తే, ప్రభుత్వం పక్షాన కోర్టుకు వెళ్లి నిలబడింది. 2001 ఏప్రిల్‌లో కంపెనీలు కేసు వెనక్కి తీసుకున్నాయి. పేటెంట్‌ను ధిక్కరించి అఖ్మత్ 2000లో థాయ్‌లాండ్ నుంచి, ఎయిడ్స్ పేషెంట్లకు వచ్చే ఫంగస్ జబ్బులకు వాడే ఫ్లుకొనజోల్‌ను చౌకగా తెచ్చాడు. 2001లోనే నెవిరపిన్ కోసం అదే ప్రభుత్వం మీద కేసు వేశారు. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది: మందును 18 చోట్లకే పరిమితం చేయడం రాజ్యాంగ విరుద్ధం, అన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఇవ్వాలి. కంపెనీల అత్యాశ నిజం, వైరస్ కూడా నిజం. రెండూ ఒకే నోటితో చెప్పగలిగినవాళ్లకు మాత్రమే అక్కడ జనం చెవిచ్చారు.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ల క్లాసులు. వైరస్ కణంలోకి ఎలా దూరుతుంది, ఏ మందు ఏ మెట్టు దగ్గర అడ్డుకుంటుంది, సీడీ4 అంటే ఏమిటి అన్నది పేషెంట్లే నేర్చుకుని అక్కడి ఖోసా భాషలో పక్కింటివాళ్లకు చెప్పేవారు. ఊరేగింపుల్లో అపార్థైడ్ కాలం నాటి పోరాట పాటలే పాడేవారు. హెచ్‌ఐవీ పాజిటివ్ అని రొమ్ము మీద పెద్దక్షరాలతో రాసిన తెల్ల టీషర్టులు వేసుకునేవారు. 2002 డిసెంబరులో మండేలా ఖయలీచ క్లినిక్కుకు వచ్చి ఆ టీషర్టే వేసుకున్నారు. 2005 జనవరిలో తన కొడుకు పోయినప్పుడు ఎయిడ్స్‌తోనే పోయాడని తానే విలేకరులను పిలిచి చెప్పారు. హెచ్‌ఐవీ అంటే మన జాతికి అవమానం అన్న మాట పని చేయకుండా పోవడానికి వెయ్యి జర్నల్ పేపర్ల కంటే ఇవి ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం.

2003 నవంబరులో కేబినెట్ ఏఆర్‌టీ పథకానికి ఒప్పుకుంది. అమలు మాత్రం నత్తనడకన సాగింది. 2008 సెప్టెంబరులో ఎంబెకి దిగిపోయి, బార్బరా హోగన్ ఆరోగ్య మంత్రిగా వచ్చాకే నిరాకరణ పూర్తిగా ముగిసింది.

మా సెంటర్లో

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మా దగ్గర ప్రభుత్వం అడ్డుపడలేదు. కానీ ఎంబెకి మాటలు ఇక్కడిదాకా వచ్చాయి. గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక పేషెంట్ సంగతి చెబుతాను.

కార్మిక సంఘంలో జీవితమంతా పనిచేసిన మనిషి. సీడీ4 వంద చిల్లర, అంటే రోగనిరోధక శక్తి బాగా పడిపోయింది. ఏజెడ్‌టీ, లామివుడిన్, నెవిరపిన్ మొదలుపెడదామంటే సంచిలోంచి జిరాక్స్ కాగితాలు తీశాడు. "డాక్టరు గారూ, ఏజెడ్‌టీ విషమని దక్షిణాఫ్రికా ప్రెసిడెంటే చెప్పాడు. ఇదంతా అమెరికా కంపెనీల బిజినెస్. మా మీద ప్రయోగాలు చేస్తున్నారు."

కౌన్సెలర్ అమ్మాయి పాపం వైరస్ బొమ్మ చార్టు తీసింది. వద్దన్నాను. కాగితాలు తీసుకుని చదివాను. కంపెనీలు ధరలు పెంచి జనాన్ని చావనిచ్చిన మాట నిజమేనన్నాను. ఏజెడ్‌టీతో కొందరికి రక్తం పడిపోతుంది, అదీ నిజమే, అందుకే హిమోగ్లోబిన్ చూడకుండా మొదలుపెట్టం, 15 రోజులకు మళ్లీ చూస్తాం, పడిపోతే మందు మారుస్తాం అని చెప్పాను. ఆ మనిషి కాస్త తగ్గాడు కానీ ఒప్పుకోలేదు. కేస్ షీట్‌లో నిరాకరించాడని రాయకుండా వాయిదా అని రాశాను.

తర్వాతి వారం హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే నడిపే పాజిటివ్ నెట్‌వర్క్‌లో పనిచేసే ఒకాయన్ని పిలిపించాం. ఆయనా అదే కార్మిక సంఘంలో తిరిగినవాడు. ఇద్దరూ బయట చెట్టు కింద బల్ల మీద కూర్చున్నారు. ఆయన తన మాత్రల డబ్బా మూత తీసి, మిగిలినవి అరచేతిలో పోసి, "ఇవి చూడన్నా, ఇంకా ఎనిమిది రోజులకున్నాయి. నాలుగేళ్ల నుంచి వేస్తున్నా" అన్నాడు. డబ్బా తిప్పి చిరునామా చూపించాడు. హైదరాబాద్ కంపెనీది. "అమెరికావాడిది కాదు, మనోళ్లు చేసిందే. అక్కడ పనిచేసేవాళ్లకు జీతాలు తక్కువిస్తున్నారు, దాని మీద గొడవ చేద్దాం పద. ముందు నువ్వు బతకాలిగా." ఆ సాయంత్రమే మందు మొదలైంది. నెవిరపిన్ మొదటి రెండు వారాలు రోజుకు ఒక్కపూటే, తర్వాత రెండు పూటలా. దద్దుర్లు రాలేదు, రక్తం పడిపోలేదు.

అదే రోజుల్లో ఇంకో కుర్రాడు, పూర్తిగా వేరే జెండా కింద తిరిగేవాడు, ఇది మన సంస్కృతికి రాని జబ్బని, ఇంగ్లీషు మందుల కుట్రని గట్టిగా నమ్మాడు. వాళ్ల వర్గంలోంచి అతనితో మాట్లాడగలిగే మనిషి మాకు దొరకలేదు. పసరు మందు వాడుతూ వెళ్లిపోయాడు. టీబీ మెనింజైటిస్‌తో స్పృహ లేకుండా తీసుకొచ్చారు. దక్కలేదు. వాళ్లమ్మ నన్నడిగింది, "ముందే గట్టిగా చెప్పలేదా బాబూ?" అని. చెప్పాం. చెప్పిన మా మాట అతనికి చేరే దారే లేదు.

ఈ ఇద్దరి మధ్య తేడా చదువులో లేదు, జబ్బు తీవ్రతలోనూ లేదు. ఒకరికి తన పక్షంవాడే వచ్చి డబ్బా చూపించాడు. అందుకే మా సెంటర్లో పియర్ వాలంటీర్లను (తోటి పేషెంట్లకు సాయపడే పేషెంట్లను) తీసుకునేటప్పుడు ఊరు, కులం, వయసు చూసినట్టే ఏ సంఘంలో, ఏ గుంపులో తిరుగుతారో కూడా అడగడం మొదలుపెట్టాం. పైఅధికారులకు ఇది మొదట నచ్చలేదు, ఆసుపత్రిలో రాజకీయాలెందుకన్నారు. పేషెంట్ రాజకీయాలతో సహా ఆసుపత్రికి వస్తాడు, వాటిని గేటు దగ్గర వదిలి రాడు అని చెప్పాను.

ఫాలో అప్

ఈరోజు ప్రపంచంలో అతిపెద్ద ఏఆర్‌టీ కార్యక్రమం దక్షిణాఫ్రికాదే. 50 లక్షలకు పైగా మనుషులు మందుల మీద ఉన్నారు. 1990ల మొదట్లో 60 దాటి ఉన్న సగటు ఆయుర్దాయం 2005 నాటికి 55 కంటే దిగువకు పడిపోయింది. మళ్లీ 60 దాటింది. ఆఫ్రికాలో వాడే ఏఆర్‌వీల్లో అధిక భాగం ఇండియాలో తయారయ్యేవే. వాటిలో హెటెరో, అరబిందో వంటి హైదరాబాద్ కంపెనీల వాటా పెద్దది.

ఎంబెకి 2016లో రాసిన ఉత్తరంలో కూడా తన వాదనను సమర్థించుకున్నారు. హెచ్‌ఐవీ ఎయిడ్స్‌ను కలిగించదని తాను ఎన్నడూ అనలేదని, వైరస్ సిండ్రోమ్‌ను కలిగించదనే అన్నానని వివరించారు. ఆ కాలంలో జరిగిన మరణాలకు ఎవరి మీదా విచారణ జరగలేదు. నెవిరపిన్ అందక 2000కూ 2005కూ మధ్య హెచ్‌ఐవీతో పుట్టి, బతికి బట్టకట్టిన పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు, రోజూ మాత్ర వేసుకుంటున్నారు.